టీకా వేసుకున్నవాళ్లకీ వచ్చిందిగా, మరి లాభమేంటి?

మీ ప్రశ్న, డాక్టరు జవాబు

గత నెల ఈ శీర్షికలో పెద్దవాళ్లు వేయించుకోవాల్సిన టీకాల గురించి నాలుగు ముక్కలు రాశాను. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు నుంచి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. రాసినవాళ్లలో ఎక్కువమంది ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లే. ఇద్దరు ముగ్గురు రాయకుండా వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ చదువంతా ఒడియాలో సాగింది, తెలుగు అక్షరాలు కూడబలుక్కోవాలి డాక్టరుగారూ అన్నారు. అలాగే పంపండి, ఇబ్బందేం లేదు, విని నేనే రాసుకుంటాను. పేర్లు వేయొద్దని అందరూ అడిగారు కాబట్టి వేయడం లేదు.

ప్రశ్న: నేను గుణుపురం దగ్గర ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. 2021లో సెకండ్ వేవ్ వచ్చినప్పుడు మా దగ్గర కోవిడ్‌తో పడుకున్న స్టాఫ్‌లో ఎక్కువమంది రెండు డోసులూ వేసుకున్నవాళ్లే. నాకూ వచ్చింది. ఇప్పుడు మా ఆయాలకి, స్వీపర్లకి హెపటైటిస్ బి (రక్తం ద్వారా అంటుకునే కాలేయ జబ్బు) టీకా వేయించుకోండమ్మా అని చెబుతుంటే, "అప్పుడు మీరు వేసుకున్నారుగా నర్సమ్మా, మీకే వచ్చింది, ఇక మాకెందుకు" అంటున్నారు. నాకు నోట మాట రావడం లేదు. నిజంగా ఆ టీకా మా లాంటివాళ్లకి పనిచేసిందా?

పనిచేసిందమ్మా. ఎలా పనిచేసిందో మీ ఆయాకి అర్థమయ్యేలా చెప్పడానికి కొంచెం లెక్క కావాలి, ఓపిగ్గా చదవండి.

మీ ఆయా అడిగినదాంట్లో తప్పేమీ లేదు, కాకపోతే అది సగం ప్రశ్న. జబ్బు పడినవాళ్లలో టీకా వేసుకున్నవాళ్లు ఎంతమంది అని మాత్రమే అడిగింది. అసలు ఆసుపత్రి మొత్తంలో వేసుకున్నవాళ్లు ఎంతమంది, వేసుకోనివాళ్లు ఎంతమంది అన్నది ఆ ప్రశ్నలో లేదు. సంతలో వందమంది ఉన్నారు, వానొచ్చింది, తొంభైమంది దగ్గర గొడుగులున్నాయి. తడిసినవాళ్లని లెక్కపెడితే అందులో గొడుగులున్నవాళ్లే ఎక్కువమంది కనిపించవచ్చు, ఎందుకంటే అక్కడ ఉన్నదే వాళ్లు. అది చూసి గొడుగు పనికిరాదని ఎవరూ అనరు కదా.

ఇదే ఆసుపత్రికి వేసి చూద్దాం. ఇవి ఊహించుకున్న అంకెలే. వందమంది స్టాఫ్, తొంభైమంది రెండు డోసులూ వేసుకున్నారు, పదిమంది వేసుకోలేదు. వేసుకున్న తొంభైమందిలో తొమ్మిదిమందికి జబ్బొచ్చింది, వేసుకోని పదిమందిలో నలుగురికి వచ్చింది. వార్డులో పడుకున్న పదముగ్గురిలో తొమ్మిదిమంది టీకా వేసుకున్నవాళ్లే, చూసినవాళ్లకి గుండె జారిపోతుంది. కానీ వేసుకున్నవాళ్లలో వచ్చింది నూటికి పదిమందికి, వేసుకోనివాళ్లలో నూటికి నలభైమందికి. నలభై రావాల్సిన చోట పది వచ్చాయి, అంటే ముప్పై తగ్గాయి, నలభైలో ముప్పై అంటే 75 శాతం. టీకా ప్రభావం 75 శాతం అని పేపర్లో వేస్తే దాని అర్థం అంతే. టీకా వేసుకున్న నూరుమందిలో పాతికమందికి జబ్బు వస్తుందని చాలామంది, చదువుకున్నవాళ్లు కూడా, పొరపాటుపడుతున్నారు.

ఇప్పుడు నిజం అంకెలు. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి మీకు తెలుసు, మన వైపు నుంచి కూడా వైద్యానికి రైలెక్కి వెళ్తారు. సెకండ్ వేవ్‌లో వాళ్లు తమ సొంత ఉద్యోగులు 10,600 మంది లెక్క తీశారు. ఎక్కువమంది వేసుకున్నది కోవిషీల్డే. రెండు డోసులూ వేసుకున్నవాళ్లు 7,080 మంది, వాళ్లలో 679 మందికి కోవిడ్ వచ్చింది. ఒక్క డోసు కూడా వేసుకోనివాళ్లు 1,609 మంది, వాళ్లలో 438 మందికి వచ్చింది. చూశారా, అక్కడా మీ ఆసుపత్రిలో జరిగినట్టే జరిగింది, 679 అన్నది 438 కంటే ఎక్కువే. కానీ నూటికి లెక్కేస్తే ఒకవైపు పదిమంది లోపు, ఇంకోవైపు ఇరవై ఏడు. జబ్బు రాకుండా ఆపడంలో ప్రభావం 65 శాతం అని తేలింది.

నాకు ముఖ్యమైనది ఆ తర్వాత వచ్చే అంకె. ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చినవాళ్లు రెండు డోసుల 7,080 మందిలో నలుగురు, టీకా లేని 1,609 మందిలో పదకొండుమంది. ఐసీయూలోకి వెళ్లినవాళ్లు ఇటు ఇద్దరు, అటు ఎనిమిదిమంది. ఆక్సిజన్ అవసరం 92 శాతం, ఐసీయూ అవసరం 94 శాతం తగ్గాయి. ఆ కాలంలో ఆ ఉద్యోగుల్లో చనిపోయింది ఒకే ఒక్కరు, ఆ మనిషి టీకా వేసుకోలేదు. ఆ మే నెలలో ఒక్క ఆక్సిజన్ మంచం కోసం మనవాళ్లు ఇక్కడి నుంచి విశాఖపట్నం దాకా, బరంపురం దాకా ఎలా పరిగెత్తారో మీరూ చూశారు, నేనూ చూశాను. పదకొండుకీ నాలుగుకీ మధ్య తేడా ఎంతో మనకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఇది చీటీ తీసి కొందరికి టీకా, కొందరికి ఉత్త సూది ఇచ్చిన పరీక్ష కాదు, జరిగినదాన్ని జరిగినట్టు చూసిన లెక్క. టీకా వేసుకోనివాళ్లు అన్ని విషయాల్లోనూ వేసుకున్నవాళ్లలాంటివాళ్లే అని చెప్పలేం. ఉదాహరణకి గర్భిణులకి మన దేశంలో టీకా అనుమతి వచ్చింది 2021 జూలైలో, కాబట్టి సెకండ్ వేవ్ సమయానికి కడుపుతో ఉన్న నర్సులు వేసుకోని జాబితాలోనే ఉంటారు, వాళ్లని కోవిడ్ వార్డుకి వేసి ఉండకపోవచ్చు కూడా. ఇలాంటివాటి వల్ల అంకె అటూ ఇటూ కొంత జరుగుతుంది. అయినా ఇంత పెద్ద తేడా ఇలాంటి చిన్న కారణాలతో పుట్టదని నా నమ్మకం.

మీ ఆయాతో అంకెలేం చెప్పొద్దు. "నాకు జ్వరమొచ్చింది, వారం పడుకున్నాను, లేచి మళ్లీ డ్యూటీకొచ్చాను" అని మీ కథే చెప్పండి. అలా లేచి రాలేకపోయినవాళ్లు కూడా మీ ఇద్దరికీ తెలిసినవాళ్లలో ఉండే ఉంటారు, వాళ్లని తనే గుర్తుచేసుకుంటుంది.

ప్రశ్న: రాయగడలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. కోవాగ్జిన్ 77.8 శాతం పనిచేస్తుందని కంపెనీ చెప్పింది. ఢిల్లీ ఎయిమ్స్ స్టాఫ్ మీద చూస్తే 50 శాతమే అని తర్వాత వచ్చింది. ఇద్దరిలో ఎవరు అబద్ధం చెప్పారు?

ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. రెండు వేర్వేరు ప్రశ్నలకి వచ్చిన రెండు జవాబులివి.

మొదటిది ట్రయల్. దాదాపు 25,800 మందిని చేర్చుకుని, చీటీ వేసినట్టు సగంమందికి టీకా, సగంమందికి టీకా మందు లేని సూది ఇచ్చి, ఎవరికి ఏదిచ్చారో వాళ్లకీ, ఇచ్చినవాళ్లకీ తెలియకుండా దాచి చూశారు. 2020 నవంబరులో మొదలైంది. అందులో కూడా లోపలికి వెళ్లి చూస్తే, ఒక్క డెల్టా రకం మీద ప్రభావం 65.2 శాతం అని వాళ్లే రాశారు, తీవ్రమైన జబ్బు మీద 93.4 అన్నారు. పేపర్లలో హెడ్డింగుకి ఎక్కింది మాత్రం 77.8 ఒక్కటే, మిగతా రెండూ చదివినవాళ్లు తక్కువ.

ఎయిమ్స్ వాళ్లు చేసింది ఇంకో పద్ధతి, ల్యాబ్ మనిషి కాబట్టి మీకు నచ్చుతుంది. 2021 ఏప్రిల్ 15 నుంచి మే 15 దాకా, జ్వరమో దగ్గో వచ్చి ఆర్‌టీపీసీఆర్ చేయించుకున్న తమ ఉద్యోగులు 2,714 మందిని తీసుకున్నారు. 1,617 మంది పాజిటివ్, మిగతా 1,097 మంది నెగటివ్. పాజిటివ్ వచ్చినవాళ్లలో రెండు డోసులవాళ్లు ఎంతమంది, నెగటివ్ వచ్చినవాళ్లలో ఎంతమంది అని పోల్చారు. టీకా పనిచేస్తుంటే పాజిటివ్ వైపు టీకా వేసుకున్నవాళ్లు తక్కువ కనిపించాలి. ఈ పద్ధతిలో మంచి ఏమిటంటే, పరీక్షకి వచ్చినవాళ్లంతా ఒకేలాంటి లక్షణాలతో, ఒకేలాంటి భయంతో, ఒకే ల్యాబ్‌కి వచ్చినవాళ్లు. ఒంట్లో బాగోకపోయినా పరీక్షకి పోనివాళ్ల వల్ల వచ్చే తప్పు చాలావరకు తగ్గుతుంది. అలా చూస్తే రెండో డోసు పడి రెండు వారాలు దాటినవాళ్లలో ప్రభావం 50 శాతం అని వచ్చింది.

ఆ నెల ఎలాంటి నెలో గుర్తు తెచ్చుకోండి. ఢిల్లీలో పరీక్ష చేయించుకున్న ప్రతి ముగ్గురిలో ఒకరికి పాజిటివ్ వస్తున్న రోజులు. డెల్టా ఊపిరాడనివ్వని రోజులు. వార్డులో పన్నెండు గంటలు మాస్కుతో నిలబడి, ఇంటికెళ్తే అక్కడా జ్వరమే. మామూలు మనిషికి ఒకసారి తగిలే వైరస్ వాళ్లకి రోజుకి పదిసార్లు తగులుతుంది. ఆ ఒత్తిడిలో, అది కూడా తీవ్రమైన జబ్బుని కాదు, లక్షణాలున్న ఏ కోవిడ్‌నైనా సరే సగానికి సగం తగ్గించింది. నేనైతే ఆ 50ని చూసి తక్కువని అనలేను. దాన్ని పైన చెప్పిన వెల్లూరు 94 శాతంతో పక్కపక్కన పెట్టి పోల్చకూడదు, అది ఐసీయూ లెక్క, ఇది జ్వరం లెక్క. ఏ అంకె చూసినా ముందు "దేని మీద, ఎప్పుడు, ఎవరిలో" అని అడగండి. ఈ మూడూ తెలియకపోతే ఆ అంకెని ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు.

ప్రశ్న: పర్లాకిమిడిలో రిటైర్డ్ టీచర్‌ని. మా అమ్మాయి అమెరికాలో నర్సు. అక్కడి టీకా నర్సుల్లో 90 శాతం పనిచేసిందట. మన నర్సులకి 50, 65. మనకి నాసిరకం ఇచ్చారా?

మాస్టారూ, మీ అమ్మాయి చెప్పింది నిజమే. అమెరికాలో 3,950 మంది డాక్టర్లు, నర్సులు, ఫైర్ సిబ్బంది లాంటివాళ్లకి లక్షణాలు ఉన్నా లేకపోయినా ప్రతి వారం ముక్కులో పుల్ల పెట్టి చూస్తే, రెండు డోసులవాళ్లలో 90 శాతం ప్రభావం కనిపించింది. ఈ లెక్క 2021 మార్చి చివర్లో వచ్చింది, అంటే అక్కడికి డెల్టా ఇంకా చేరకముందు. అదే మనుషుల్ని, అదే టీకాలతో, డెల్టా వచ్చాక మళ్లీ చూస్తే 66 శాతానికి పడిపోయింది. మనం వెల్లూరులో చూసిన 65కి ఇది ఎంత దగ్గరో మీరే చూడండి. రెండు చోట్ల పద్ధతులు వేరు కాబట్టి అచ్చంగా పక్కపక్కన పెట్టలేం గానీ, అప్పుడు తేడా ఎక్కువగా వైరస్‌లోనే ఉందని అర్థమవుతుంది. బ్రిటన్‌లో 23 వేలకి పైగా ఆసుపత్రి సిబ్బందిని చూసినప్పుడు కూడా రెండు డోసుల తర్వాత 85 వచ్చింది, అదీ డెల్టాకి ముందు కాలమే.

ఇంకో మాట, మన వాళ్లు వేసుకున్న టీకాలు ఒకటి పుణెలో, ఒకటి మన హైదరాబాదులో తయారయ్యాయి, మామూలు ఫ్రిజ్‌లో నిలవ ఉండేవి. అక్కడ వాడిన, మైనస్ డెబ్బై డిగ్రీల్లో ఉంచాల్సిన టీకాని 2021 జనవరిలో గజపతి జిల్లా కొండల మీదికి ఎలా తీసుకెళ్లేవాళ్లం? చేతికి అందిన టీకాయే పనిచేస్తుంది మాస్టారూ.

ప్రశ్న: మాది రాయగడ జిల్లా. మా నాన్న ఆసుపత్రి అంబులెన్సు డ్రైవరు, కాంట్రాక్టు మీద. 2021 జనవరిలో డాక్టర్లకి, నర్సులకి టీకా వేసినప్పుడు ఆయన పేరు లిస్టులో లేదు. అడిగితే తర్వాత చూద్దాం అన్నారు. ఏప్రిల్‌లో అడిగితే వయసు 45 నిండలేదన్నారు, అప్పటికి ఆయనకి 43. మేలో పోయారు. టీకా వేసి ఉంటే బతికేవారా? ఎవరూ సూటిగా చెప్పడం లేదు, మీరైనా చెప్పండి.

అమ్మా, మీ ఉత్తరం చదివి నేను రెండు రోజులు జవాబు రాయలేకపోయాను.

సూటిగానే చెబుతాను. బతికే అవకాశం చాలా ఎక్కువగా ఉండేది. తప్పకుండా బతికేవారని మాత్రం ఏ డాక్టరూ చెప్పలేడు, ఎందుకంటే ఈ లెక్కలన్నీ గుంపులకి చెప్పేవి, ఒక మనిషి విషయంలో అటో ఇటో తేల్చలేవు. మన సైన్యంలో దాదాపు 16 లక్షలమంది సిబ్బందిని, ఎక్కువమంది కోవిషీల్డ్ వేసుకున్నవాళ్లు, చూసిన లెక్క ఒకటి ఉంది. రెండు డోసుల తర్వాత మరణాలు 98 శాతం తగ్గాయని వచ్చింది. సైనికులు వయసులో ఉన్నవాళ్లు, గట్టివాళ్లు, అది మీ నాన్నగారికి అచ్చంగా అతుకుతుందని అనను. కానీ జనవరిలో, ఫిబ్రవరిలో రెండు డోసులూ పడి ఉంటే, మే నాటికి ఆయన వెల్లూరు లెక్కలో చెప్పిన ఆ 7,080 మందిలాంటి చోట నిలబడి ఉండేవారు.

లిస్టు సంగతి. ఆ రోజుల్లో ఆసుపత్రివాళ్లే తమ సిబ్బంది పేర్లు కోవిన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లోకి ఎక్కించాలి, పేరు ఎక్కితేనే సూది. ఆసుపత్రిలో పనిచేసే డ్రైవర్లు, వంటవాళ్లు, పారిశుద్ధ్యం చేసేవాళ్లు అందరూ ఆరోగ్య సిబ్బంది కిందికే వస్తారని నిబంధనల్లో ఉంది, కాంట్రాక్టా పర్మనెంటా అన్నది అడ్డు కాకూడదు. మీ నాన్నగారి పేరు వదిలేయడం ఆ ఆసుపత్రి తప్పే. ఆ తర్వాత ఏప్రిల్ 3న కొత్తగా ఆరోగ్య సిబ్బంది పేర్లు నమోదు చేయొద్దని కేంద్రం నుంచి ఆదేశం వచ్చింది, అర్హత లేనివాళ్లు ఆ పేరుతో వేయించుకుంటున్నారని. దాంతో నిజంగా వదిలేయబడ్డవాళ్లకి ఆ తలుపు కూడా మూసుకుపోయింది. 45 దాటినవాళ్లకి ఏప్రిల్ 1 నుంచి, 18 దాటినవాళ్లకి మే 1 నుంచి అన్నారు. 43 ఏళ్ల డ్రైవరు ఈ రెండు తేదీల మధ్య ఇరుక్కుపోయాడు, అదే నెలలో రోజుకి ఎన్నిసార్లు పేషెంట్లని మోశారో మీకే తెలుసు.

నేనూ ఒకటి చెప్పాలి. అప్పుడు నేను పనిచేసిన చోట కూడా ఇలాంటి లిస్టు తయారైంది, నా ముందుకొచ్చింది, పైనుంచి కిందికి చూసి సంతకం పెట్టాను. బట్టలుతికేవాళ్ల పేర్లు లేవని మూడు వారాల తర్వాత, వాళ్లలో ఒకామె వచ్చి "మాకు లేదా బాబూ" అని అడిగితే గానీ నాకు తెలియలేదు. కోవిడ్ వార్డు దుప్పట్లు ఉతికేది వాళ్లే. వాళ్లకి తర్వాత వేయించగలిగాం, ప్రాణనష్టం జరగలేదు. అయినా ఆ మూడు వారాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కంటి మీదికి కునుకు రాదు. మీ నాన్నగారి విషయంలో తప్పు మీది కాదు, ఆయనది అంతకన్నా కాదు. ఆయన అడిగారు, ఒకటికి రెండుసార్లు అడిగారు. అడగడం వరకే ఆయన చేతిలో ఉంది.

ప్రశ్న: నేను ఏఎన్ఎంని, కొండ మీద సవర ఊళ్లకి వెళ్తాను. సూది వాడాక మూత పెడుతుంటే వేలికి గుచ్చుకుంది. హెపటైటిస్ బి టీకా చిన్నప్పుడు వేశారో లేదో తెలియదు. భయంగా ఉంది.

ఈ జవాబు మీకు చేరేలోపే ఫోన్ చేయించాం, మీరు పెద్దాసుపత్రికి వెళ్లారని తెలిసింది, సంతోషం. మిగతావాళ్ల కోసం రాస్తున్నాను.

గుచ్చుకున్న వెంటనే సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో కడగాలి. వేలు నొక్కి రక్తం తీయొద్దు, బ్లీచింగు నీళ్లలో ముంచొద్దు, నోట్లో అసలు పెట్టుకోవద్దు. ఆ తర్వాత సిగ్గుపడకుండా, తిడతారని దాచకుండా పైవాళ్లకి చెప్పాలి. హెచ్ఐవీ భయం ఉంటే మందులు రెండు గంటల్లోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే లాభం ఉండదు, మొత్తం 28 రోజులు మింగాలి. హెపటైటిస్ బి టీకా వేసుకోని మనిషికి, ఆ జబ్బున్న పేషెంటు సూది గుచ్చుకుంటే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ అనే ఇంకో సూది కూడా కావాలి, వీలైతే 24 గంటల్లో.

అందరూ హెచ్ఐవీకే భయపడతారు. కానీ ఆ జబ్బున్న పేషెంటు సూది గుచ్చుకున్నప్పుడు అది అంటుకునే అవకాశం వెయ్యిమందిలో ముగ్గురికి. హెపటైటిస్ సి నూటికి ఇద్దరి లోపు. హెపటైటిస్ బి మాత్రం, టీకా లేని మనిషికి, పేషెంటు ఒంట్లో వైరస్ ఎక్కువగా ఉంటే, నూటికి ముప్పైమంది దాకా. ఈ మూడింట్లో టీకా ఉన్నది ఆ ఒక్కదానికే! ఇవాళ ఒకటి, నెలకి ఒకటి, ఆరో నెలకి ఒకటి, మూడే సూదులు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా రక్షణ వస్తుంది. మూడో డోసు అయ్యాక నెలా రెండు నెలల్లో యాంటీ హెచ్‌బీఎస్ అనే రక్తపరీక్ష చేయించుకోండి, అది 10 దాటితే మీకు రక్షణ ఉన్నట్టే. కోవిడ్ టీకాలో మనకి ఇలాంటి తేటతెల్లమైన గీత దొరకలేదు.

మా చదువు రోజుల్లో ఈ టీకా విదేశాల నుంచి రావాలి, ధర వింటే ఆయాలు, అటెండర్లు మాట కూడా ఎత్తేవాళ్లు కాదు. 1997లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ దీన్ని ఇక్కడే తయారుచేసి తక్కువ ధరకి ఇచ్చాక పరిస్థితి మారింది. వరప్రసాద్ రెడ్డిగారు పెట్టిన సంస్థ అది. తెలుగువాడి చేతిమీదుగా చౌకైన టీకా తెలుగు మాట్లాడే ఆయాకి ఇప్పటికీ పడలేదంటే నాకు బాధగా ఉంటుంది. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టొద్దు, నేరుగా డబ్బాలో వేయండి, డబ్బా లేకపోతే ఇవ్వమని గట్టిగా అడగండి.

ప్రశ్న: బరంపురం నుంచి. మా అబ్బాయి వార్డుబాయ్. కోవిషీల్డ్ వల్ల రక్తం గడ్డకడుతుందని కంపెనీయే కోర్టులో ఒప్పుకుందట. హఠాత్తుగా గుండె ఆగిపోయినవాళ్ల వీడియోలు చూస్తే టెన్షన్‌గా ఉంది.

అమ్మా, చాలా అరుదుగా అలా జరగొచ్చని కంపెనీ బ్రిటన్ కోర్టుకి చెప్పిన మాట నిజమే. అది కొత్త సంగతి కాదు, 2021లోనే డాక్టర్లకి తెలుసు. అలా జరిగితే టీకా వేసుకున్న మొదటి కొన్ని వారాల్లోనే జరుగుతుంది. మీ అబ్బాయి వేసుకుని ఏళ్లు గడిచాయి, ఆ భయం వదిలేయండి.

హఠాత్తు మరణాల మీద ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 47 ఆసుపత్రుల్లో చూసి 2023లో ప్రచురించింది. 18 నుంచి 45 ఏళ్ల మధ్య అలా పోయిన 729 మందిని, అలాంటి వయసులోనే బతికి ఉన్న 2,916 మందితో పోల్చారు. రెండు డోసులు వేసుకున్నవాళ్లలో ఆ ప్రమాదం తక్కువే కనిపించింది. పెంచినవి వేరే: కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండటం, ఇంట్లో ఎవరైనా అలా పోయి ఉండటం, అంతకు ముందు రెండు రోజుల్లో అతిగా తాగడం, మత్తుమందులు, ఒళ్లు హూనమయ్యేంత వ్యాయామం. మీ ఇంట్లో చిన్న వయసులో గుండెతో పోయినవాళ్లుంటే అబ్బాయికి ఒక ఈసీజీ తీయించండి, చాలు.

ప్రశ్న: కాశీనగర్ వైపు ఆశాని. ఫ్లూ టీకా మాకూ కావాలా?

కావాలి. ఆసుపత్రుల్లో, ఊళ్లలో పేషెంట్ల మధ్య తిరిగేవాళ్లు ఏటా వేసుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రకం సరిగ్గా కుదిరిన ఏడాది కూడా 40 నుంచి 60 శాతమే ఆపుతుంది, ఏటా మారుతుంది కాబట్టి ఏటా వేసుకోవాలి. మన వైపు వానాకాలంలో ఎక్కువ వస్తుంది, జూన్‌కి ముందే వేయించుకోండి.

ప్రశ్న: పర్లాకిమిడిలో ఫార్మసిస్టుని. మాది చిన్న ఆసుపత్రి, నలభైమంది స్టాఫ్. ఈ పెద్ద పెద్ద లెక్కలు మేమూ మా దగ్గర వేసుకోవచ్చా, లేక అది పెద్దవాళ్ల పనా?

తప్పకుండా వేసుకోవచ్చు. నలభైమందిలో ఒక్కరికి జబ్బు వస్తే శాతం ఎక్కడికో ఎగిరిపోతుంది, కాబట్టి ఒక్క ఏడాది లెక్కతో టీకా బాగుందనీ బాగోలేదనీ తేల్చేయొద్దు. చుట్టుపక్కల నాలుగైదు ఆసుపత్రులు కలిసి మూడు నాలుగేళ్లు రాసుకుంటే అప్పుడు కొంచెం బరువుంటుంది. అసలు లాభం శాతాల్లో లేదు, ఎవరికి ఏ టీకా పడలేదో ఒక్క చూపులో తెలియడంలో ఉంది.

ఒక లావుపాటి నోటు పుస్తకం చాలు. పేరు, పని, ఏ టీకా ఏ తేదీన, జబ్బు పడితే ఏ తేదీన, పరీక్ష చేశారా, ఎన్ని రోజులు డ్యూటీకి రాలేదు, ఆసుపత్రిలో చేరారా. జబ్బు పడినవాళ్లనే రాస్తే ఆ పుస్తకం దేనికీ పనికిరాదు, మొదటి నర్సమ్మకి చెప్పింది అదే. ఒంట్లో బాగున్నవాళ్లు, టీకా వద్దన్నవాళ్లు, సెలవులో ఉన్నవాళ్లు, అందరి పేర్లూ ఉండాలి. వద్దన్నవాళ్ల మీద కోపగించుకోకుండా ఎందుకు వద్దన్నారో ఒక ముక్క రాయండి. పుస్తకం తెలుగులోనో ఒడియాలోనో, మీ ఆయాలు తమ పేరు తాము చదువుకోగలిగే భాషలో పెట్టండి.

జీతాల రిజిస్టరు చూసి పేర్లు ఎక్కించొద్దు, అందులో కాంట్రాక్టువాళ్లు ఉండరు. పొద్దున్న ఆరింటికి గేటు దగ్గర నిలబడి లోపలికి వచ్చేవాళ్లందరినీ రాసుకోండి. మొదటి వరుసలో అంబులెన్సు డ్రైవరు పేరు రాయండి.